గోండు బిడ్డల కథలు

మన గోదావరిఖనిలో క్రొత్తగా బడిలో చేరిన బాలుని తోడివారు మొదట నడుగునది "మీదే యూరు?" అని. గనిపనికై నానాగ్రామములనుండి వచ్చి కాపురము లేర్పరచుకొన్నవారి బిడ్డలకది సహజమే. నదికావలి ఆదిలాబాదు కొండసీమలోని గోండులకు బంధుత్వము తెలియుటకు ఊరిపేరు చాలదు. ఆ కుటుంబము నలుగురు దేవతలదో, ఐదుగురిదో, ఆరుగురిదో, ఏడుగురిదో తెలియవలయును. ఒకే సంఖ్యవారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి వివాహము కూడదు. ఈ సంఖ్యలు గోండు బాలునకు కథనుండి వచ్చినవి.

ఆ కథ యిట్టిది. మహాదేవుడు గోండుల మూలపురుషులను గుహలో నుంచి, ద్వారమున బండ నడ్డము పెట్టెను. పహండి కుపార్ లింగో వారిని విడిపించెను. దారిలో నది పొంగెను. నలుగురు వెనుకబడి మొసలి వీపు నెక్కగా, అది నడియేటిలో వారిని ముంచబోయెను. తాబేలు వారిని రక్షించెను. ఆవలియొడ్డున లింగో వారిని గుంపులుగా విభజించి, ఎవరు ఎవరికి సోదరులో, ఎవరు ఎవరింట పిల్లనీయవచ్చునో నియమించెను.

దీనిని నిలిపినవారు పర్ధానులు. గోండు కుటుంబములను ఆశ్రయించి తరతరములుగా కిక్రి యను తంత్రీవాద్యముపై వారి వంశకథలను పాడుట వీరి వృత్తి. ఆదిలాబాదు పర్ధానులు ఇంటిలో మరాఠీ మాటాడుచు గాథను మాత్రము గోండీలో పాడుదురు! నాగపురమున మిషను పాఠశాల స్థాపించిన స్టీఫెన్ హిస్లాప్ ఒక పర్ధాను నోటినుండి లింగో గాథను సేకరించెను. ఆయన 1863లో మృతినొందగా, 1866లో అది అచ్చుపడెను.

బాలుర పుస్తకములకై ఇట్టి కథలను కుదించువారు మొసలిని, తాబేలును ఉంచి, చివరి వంశనామముల పట్టికను విసుగని తీసివేయుదురు. మా యభిప్రాయమున ఇది పండు పారవైచి తొక్క నిచ్చుటవంటిది. తాబేలు కథ ఏ దేశపు బిడ్డకైనను వినోదమే. ఆ పట్టికయో, గోండు బిడ్డకు తన మేనమామలెవరో, పండుగనాడు తాను ఎవరి వరుసలో కూర్చుండవలయునో తెలుపును.

కెస్లాపూరు నాగోబా జాతర చూచినవారి కిది బోధపడును. పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశీయులు కాలినడకను జన్నారము ప్రాంతపు హస్తినమడుగునకు పోయి గోదావరీజలము తెత్తురు. ఆ సంవత్సరము మెట్టినయింటికి వచ్చిన కోడండ్రను పెద్దలు దేవుని సన్నిధికి గొనిపోయి పరిచయము చేయుదురు. దీనిని భేటీ యందురు. పెండ్లి జరిగినను, ఈ భేటీ తరువాతనే ఆమె సంపూర్ణముగ మెస్రం వంశపుది.

ఇక బడి సంగతి. గోండీ మన తెలుగునకు చుట్టమే. వారి 'కన్', 'కై' మనకు క్రొత్తగావు. 2011 జనగణనలో 29 లక్షలకు పైబడిన జనము దానిని మాతృభాషగా చెప్పిరి. అయినను ఆ పసివాడు బడిలో మొదట చూచు వాచకము పరభాషదే. హైదరాబాదు సంస్థానకాలమున, 1943లో, హైమండార్ఫ్ ప్రోత్సాహమున మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయశిక్షణ నిచ్చి, నాగరిలిపిలో గోండీ వాచకములు సిద్ధపరచిరి. పిమ్మట బోధన తెలుగులోనికి మారెను. గోండీకి స్వంతలిపియు కలదు: గుంజాల గ్రామమున దొరికిన ప్రాతప్రతుల లిపి 2018లో యూనికోడున చేరినది.

విద్యార్థులారా, సెలవులలో మీ యింటనో, మీ స్నేహితుని యింటనో ఒక ముదుసలి కథ చెప్పినచో, ఆ మాటలను ఆ భాషయందే, తెలుగు లిపిలోనైనను, వ్రాసికొనుడు. ఎవరు, ఏ సందర్భమున, ఎవరికి చెప్పిరో ప్రక్కన గుర్తింపుడు. పేరులు వరుసగా వచ్చినప్పుడు కలము నాపకుడు. అర్థము కానిచో చెప్పిన వారినే మరల నడుగుడు, వారు విసుగుకొనరు.