తుఫాను మూట

రేడియోలో తుఫాను కబురు వచ్చింది. రెండు రోజులు టైముంది.

కోడలు బియ్యం డబ్బా తీసి చూసింది. "నిండుగా ఉన్నాయి అత్తయ్యా, భయం లేదు" అంది.

"పొయ్యి మునిగితే ఎలా వండుతావే?" అంది అత్త.

అత్త పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అప్పుడామె చిన్నపిల్ల. సముద్రం ఊళ్ల మీద పడింది. వేలమంది చనిపోయారు. చెరువులు, బావులు ఉప్పునీళ్లయ్యాయి. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. కట్టేసిన గొడ్లు గుంజ దగ్గరే చచ్చిపోయాయి.

అందుకే ముందు నీళ్లు. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లనుకున్నారు. ఇంట్లో నలుగురు. మూడు రోజులకు 36 లీటర్లు. బిందెలు, క్యాన్లు నింపి మూతలు పెట్టారు.

తిండికి అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం. వీటికి పొయ్యితో పని లేదు.

అగ్గిపెట్టె, టార్చిలైటు, మామయ్య బి.పి. మాత్రలు ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం ఇంకో కవర్లో.

"పంచదార, ఉప్పు ఎందుకత్తయ్యా?"

"వరద తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించాలి. చెంచా గోపురంగా తియ్యకు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం."

సాయంత్రం మైకులో చెప్పారు, అందరూ తుఫాను షెల్టరుకు రావాలని. మూట నెత్తికెత్తుకున్నాక కోడలు ఆగింది. గేదె! సంఘం అప్పుతో కొన్నది. ఇంకా వాయిదాలు తీరలేదు.

"పలుపు విప్పెయ్" అంది అత్త.

"ఎటైనా పోతే?"

"కట్టేస్తే ఎటూ పోలేదు."

కోడలు పలుపు విప్పింది. గేదె మెరక వైపు నడిచింది.