చట్టం చేసిన వాళ్లను అడిగేదెవరు?

ఎమ్మెల్యేలు, ఎంపీలు చట్టాలు చేస్తారు. మనం పాటిస్తాం. మరి వాళ్లు దేనికి కట్టుబడి ఉండాలి? రాజ్యాంగానికి. ఇది 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. ప్రజల ప్రాథమిక హక్కులను తీసేసే చట్టం చెల్లదని దాని 13వ అధికరణం చెబుతుంది. అట్లాంటి చట్టాన్ని హైకోర్టు, సుప్రీంకోర్టు కొట్టేస్తాయి.

సరే, చట్టం పోయింది. దాన్ని చేసిన వాళ్లకు శిక్ష ఏమిటి?

కోర్టు ఏ శిక్షా వెయ్యదు. సభలో వేసిన ఓటుకు ఎంపీని కోర్టుకు లాగకూడదని 105వ అధికరణం చెబుతుంది. ఎమ్మెల్యేలకు 194వ అధికరణం ఉంది. ఇదేం న్యాయం అనిపిస్తుంది. కాని ఈ రక్షణ లేకపోతే, గద్దె మీద ఉన్నవాళ్లు తమకు ఎదురు ఓటేసిన వాళ్లందరి మీదా కేసులు పెడతారు. లంచం తీసుకుని ఓటేస్తే మాత్రం రక్షణ లేదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

1975లో ఏం జరిగిందో చూడండి. అప్పుడు ఇందిరాగాంధీ ప్రధానమంత్రి. 1971లో రాయబరేలీలో ఆమె గెలుపు చెల్లదని అలహాబాదు హైకోర్టు 1975 జూన్ 12న తీర్పు చెప్పింది. కేసు వేసింది ఆమె చేతిలో ఓడిన రాజ్ నారాయణ్. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. ప్రతిపక్ష నాయకులు చాలామంది జైలు పాలయ్యారు.

సుప్రీంకోర్టులో విచారణ ఆగస్టు 11న ఉంది. ఈలోగానే పార్లమెంటు రాజ్యాంగాన్ని మార్చేసింది. లోక్‌సభ 7న, రాజ్యసభ 8న ఆమోదించాయి. 10న రాష్ట్రపతి సంతకం అయింది. ఇదే 39వ సవరణ. ప్రధానమంత్రి ఎన్నిక సంగతి కోర్టులు చూడరాదు, హైకోర్టు తీర్పు కూడా చెల్లదు అని అందులో రాశారు. పంచాయితీ నడుస్తుండగా పెద్దమనుషులను లేపి పంపినట్టుంది!

నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. అయితే ఎన్నికల చట్టాన్ని కూడా వెనకటి తేదీ నుంచి వర్తించేట్టు అప్పటికే మార్చి ఉన్నారు. దాంతో ఆమె ఎన్నిక నిలిచింది. సవరణకు ఓటేసిన ఒక్క ఎంపీకీ శిక్ష పడలేదు.

1977 మార్చిలో ఎన్నికలు వచ్చాయి. రాయబరేలీలో ఇందిరాగాంధీ అదే రాజ్ నారాయణ్ చేతిలో ఓడిపోయారు. ఢిల్లీలో కాంగ్రెసు ప్రభుత్వం మొదటిసారి పడిపోయింది. జనమంతా 39వ సవరణ చదివి ఓటేశారని కాదు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అరెస్టులు ఉత్తరాదిలో ఎక్కువ కోపం తెప్పించాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. నంద్యాలలో ఒక్క నీలం సంజీవరెడ్డి జనతా పార్టీ తరఫున గెలిచారు. 1980లో ఇందిరాగాంధీ మన మెదక్ నుంచి కూడా గెలిచారు. కొత్త పార్లమెంటు ఈలోపల, 1978లో, 44వ సవరణ చేసి ఆ పాత నిబంధనను పూర్తిగా తీసేసింది.

ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. 1985 నుంచి ఫిరాయింపుల చట్టం అమల్లో ఉంది. పార్టీ ఆదేశానికి ఎదురు ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. అందుకే చాలామంది “పార్టీ చెప్పింది, ఓటేశాం” అంటారు. ఓటు అడగడానికి ఇంటికొచ్చినప్పుడు ఈ జవాబుతో ఊరుకోనక్కర్లేదు.

చర్చించండి, రాయండి:
మీ ఎమ్మెల్యే పేరు ఏమిటి? మీ ఎంపీ పేరు ఏమిటి?
ఏ చట్టం గురించి వాళ్లను అడగాలనుకుంటున్నారు?