పీపా దగ్గర మొహమాటం వద్దు

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లలో చాలామందికి ఒక కోరిక ఉంటుంది. బర్బన్ విస్కీ ఖాళీ చేసిన ఓక్ పీపా ఒకటి సంపాదించాలి, చిక్కటి నల్ల స్టౌట్ బీరును అందులో నెలల తరబడి ఊరనివ్వాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే బర్బన్ పోయాలన్నది అక్కడి చట్టం కాబట్టి, ఒకసారి వాడేసిన పీపాలకు కొదవ లేదు. అయితే పీపా పట్టేది 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. ఇంట్లో ఒక విడతకు కాచేది సాధారణంగా 5 గ్యాలన్లే. పీపా నిండాలంటే పదిమందికి పైగా చేతులు కలపాలి.

అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. పదిమంది బీరు చక్కగా ఉన్నా, ఒక్కరి కార్బాయ్‌లో, అంటే బీరు పులియబెట్టే పెద్ద సీసాలో, పులుపు తెచ్చే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా చేరి ఉంటే మొత్తం 200 లీటర్లూ పుల్లబడే ప్రమాదం ఉంది. పోశాక వేరుచేసే దారి లేదు. కాబట్టి పోయడానికి ముందే ప్రతి కార్బాయ్‌నూ అందరూ కలిసి వాసన చూడండి, రుచి చూడండి. పైన తెల్లటి పొర కట్టిందా? వెనిగర్ ఘాటు తగులుతోందా? అనుమానం వస్తే దాన్ని పక్కన పెట్టండి. తెచ్చినవాడు మీ ప్రాణస్నేహితుడైనా సరే, గంటల తరబడి కారు నడుపుకుంటూ వచ్చినా సరే. "నీకు కాయడం రాదు" అనకండి. "ఇందులో పులుపు తగులుతోంది, దీన్ని విడిగా సీసాల్లో పోద్దాం" అనండి. అనుమానం మీ బీరు మీదే అయితే, ఎవరూ అడగకముందే చెప్పేయండి. ఒకరు నోరు విప్పితే మిగతావాళ్లకూ ధైర్యం వస్తుంది.

షరతులు మాత్రం పీపా నింపే రోజు పెట్టుకునేవి కావు. కాయకముందే అందరూ కూర్చుని తేల్చుకోండి. అందరిదీ ఒకటే రెసిపీ, ఆల్కహాల్ ఎక్కువ ఉండాలి, హాప్స్ చేదు తగ్గకూడదు. లాక్టోబాసిల్లస్‌ను అణచిపెట్టడానికి ఆ రెండూ సాయపడతాయి. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ కొన్ని రోజులు వరసగా ఒకే అంకె చూపించాకే పులియడం ముగిసినట్టు లెక్క. ముందే ఒప్పుకున్న నియమం ఉంటే, వద్దన్నవాడి మీద ఎవరికీ కోపం రాదు.

చాలామంది పీపా కొన్నాక బీరు సంగతి ఆలోచిస్తారు. ఇది తలకిందుల పని. బీరు సిద్ధమయ్యాకే పీపా తెప్పించండి. విస్కీ తీసేసి కొద్ది రోజులే అయిన పీపా అయితే చెక్కలో మిగిలిన మద్యమే క్రిములను చాలావరకు దగ్గరికి రానివ్వదు. దాన్ని కడగాల్సిన పనిలేదు. నెలలు ఎండిన పీపాలో పలకలు ముడుచుకుని సందులు పడతాయి. వేడినీళ్లు పోసి ఉబ్బించి, కారడం ఆగాకే నింపాలి. ఒకసారి పులిసిన పీపాను మళ్లీ శుద్ధి చేయగలమని మాత్రం నమ్మకండి. శానిటైజర్ చెక్క పైపైనే పనిచేస్తుంది. బ్రెటనోమైసిస్ ఈస్ట్ కొన్ని మిల్లీమీటర్ల లోతున దాక్కుంటుంది. అలాంటి పీపాను పుల్ల బీర్లకే కేటాయించండి.

నింపాక ఆత్రం అణచుకోవాలి. తెరిచిన ప్రతిసారీ గాలి లోపలికి వెళుతుంది, ఆ గాలితోనే అసిటోబాక్టర్ బీరును వెనిగర్‌గా మారుస్తుంది. ఆవకాయ మీద నూనె తేలుతూ ఉండాలన్నట్టే, పీపా ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఆవిరై తగ్గినంతా మంచి బీరుతో పూడ్చండి. రుచి చూడటానికి కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ బ్రూవరీకి చెందిన విన్నీ సిలర్జో ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం ఉంది. పీపా ముందు పలకకు సన్నటి రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీల్ మేకు బిగిస్తారు. మేకు లాగితే సన్నటి ధార వస్తుంది, చాలనుకోగానే తిరిగి కొట్టేస్తారు. పై మూత తెరవక్కర్లేదు.

ఇంత చేసినా చెడవచ్చు. ఈ రకం బీరుకు పేరు తెచ్చిన షికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీకే 2015 బర్బన్ కౌంటీ బీరు సీసాల్లో కొన్ని రకాలు పాడయ్యాయి. 2016 జనవరిలో వాళ్లు ఆ సంగతి బహిరంగంగా చెప్పారు, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇస్తామన్నారు, కారణం వెతికించారు. లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా అని తేలింది. ఆ తర్వాతి విడత నుంచి బీరును పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టారు. నాకు వాళ్లలో నచ్చేది ఈ వరసే. ముందు చెప్పారు, తర్వాత కారణం వెతికారు, ఆపై పద్ధతి మార్చారు.

మీ బృందంలోనూ నింపిన తేదీ, ఎవరి కార్బాయ్ ఎప్పుడు పోశారు, ఎప్పుడు పూడ్చారు అన్నవి సుద్దముక్కతో పీపా మీదే రాయండి. పుల్లబడిన బీరు తాకిన గొట్టాలు, రబ్బరు బిరడాలు వేరే డబ్బాలో పెట్టి, పైన పెద్దక్షరాలతో పేరు అతికించండి.