ఏకాంగులకు ఇల్లు: కీర్తన 68:6 మళ్ళీ చదువుదాం



ఈ వారం వీడియోలో కీర్తన 68:6 మీద పన్నెండు నిమిషాలే మాట్లాడాను. నిజం చెప్పాలంటే సగం మింగేశాను. కెమెరా ముందు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. బైబిలు పక్కన పెట్టుకుని చదవండి. కీర్తనలు 68:4-6, మార్కు 3:20-35, లూకా 10:38-42, రోమా 16:1-16 తీసి ఉంచుకోండి.

ముందు నా సంగతి. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు. గాజువాకలో అమ్మా నాన్నలతో ఉంటాను, పోర్టు దగ్గర ఒక సీహెచ్ఏ ఆఫీసులో దిగుమతుల కాగితాలు చూస్తాను. పెరిగిన సంఘంలోనే క్వైర్‌లో పాడతాను, సండే స్కూల్లో చిన్నపిల్లలకి చెప్తాను. మా సంఘంలో ప్రతి నెలా మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ప్రార్థన మనవులు చీటీల మీద రాసిస్తే పైకి చదువుతారు. ఆరోగ్యం కొరకు, ఉద్యోగం కొరకు, వివాహం కొరకు. ఆ మూడో వరుసలో నా పేరు ఐదేళ్ళుగా ఉంది. నేను సండే స్కూల్లో పాఠం చెప్పిన అమ్మాయిల పేర్లు కూడా అందులోకి వచ్చి, వెళ్ళిపోయాయి. నాది మాత్రం అలాగే ఉంది.

ఒక శుక్రవారం ప్రార్థన నడిపించినవారు నా పేరు దగ్గర ఆగి, ఈ కుమార్తె మీద ఉన్న బంధకాలు తెగిపోవాలని గట్టిగా ప్రార్థించారు. చుట్టూ అందరూ ఆమేన్ అన్నారు. మంచి మనసుతోనే చేశారు, అది నాకు తెలుసు. కానీ ఆ రోజు చాపమీద నుంచి లేచి వెళ్తుంటే, నాకేదో జబ్బు ఉన్నట్టు, అది ఊరందరికీ తెలిసిపోయినట్టు అనిపించింది.

ఆ ఆదివారం వెళ్ళలేదు. ఆఫీసులో పని ఉందన్నాను. ఓడ బెర్తుకి వచ్చిందంటే ఆదివారమా సోమవారమా అని చూడదు కాబట్టి ఇంట్లో నమ్మారు. తరవాతి ఆదివారమూ అంతే. అలా పదకొండు ఆదివారాలు.

ఆ పదకొండు వారాల్లో ఎవరు అడిగారో చెప్పనా? మొదట అడిగింది నా పక్క సీటు అమ్మాయి. వాళ్ళు సింహాచలం అప్పన్న భక్తులు. "ఏంటే, ఈమధ్య ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తుతున్నావు? చర్చికి వెళ్ళట్లేదా?" అంది. నాకు నోట మాట రాలేదు. రెండో మనిషి మా సంఘంలో వెనక బెంచీలో కూర్చునే ఒక పెద్దావిడ. భర్త పోర్టులో కళాసీగా చేసి పోయారు, పిల్లలు లేరు, మల్కాపురంలో ఒక గది. తొమ్మిదో వారం ఆవిడ ఫోను. "ఏటమ్మా, రాట్లేదేటి? నీ పాట ఇనకపోతే ఆదివారం అయినట్టే నేదు." పెళ్ళి మాట ఎత్తలేదు. కారణం కూడా అడగలేదు. "ఓ పాలి బోయనానికి రా. నానూ ఒక్కదాన్నే కదేటి" అంది.

వెళ్ళాను. నెత్తళ్ళ వేపుడు, చారు. తిన్నాక చాలాసేపు ఏడ్చాను. ఆవిడ మాట్లాడకుండా కంచాలు కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంది.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. కీర్తన 68:6 మన దగ్గర పెళ్ళి కాని ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు వాగ్దానంగా ఇస్తారు. ఎందుకంటే మన తెలుగు బైబిల్లో ఆ వచనంలో 'ఏకాంగులు', 'సంసారులు' అనే రెండు మాటలు ఉన్నాయి. ఈ కాలంలో సంసారి అంటే పెళ్ళయినవాడు, ఏకాంగి అంటే పెళ్ళి కానివాడు. ఇంకేం, దేవుడు పెళ్ళి చేస్తాడని వాగ్దానం. నేనూ పదేళ్ళు అలాగే చదివాను, డైరీలో రాసుకున్నాను కూడా.

కానీ పై వచనం చూడండి. ఐదో వచనంలో ఉన్నది తండ్రి లేని పిల్లలు, విధవరాళ్ళు. ఆరో వచనం రెండో భాగంలో ఉన్నది చెరలో ఉన్నవాళ్ళు. అంటే ఈ వరుసంతా నిలువ నీడ లేనివాళ్ళది, తమ తరఫున మాట్లాడే మనిషి లేనివాళ్ళది. వాళ్ళ మధ్యలో ఉన్న ఏకాంగికి దేవుడు ఏమిస్తాడు? హెబ్రీలో అక్కడున్న మాట 'బయిత్', అంటే ఇల్లు. బేతేలు, బేత్లెహేము పేర్లలో ముందు వచ్చే 'బేత్' అదే. ఒంటరిగా ఉన్నవాళ్ళని దేవుడు ఒక ఇంట్లో కూర్చోబెడతాడు అని దాని భావం. ఆ ఇల్లు పెళ్ళి ద్వారా రావచ్చు. చాలామందికి అలాగే వస్తుంది, స్తోత్రం. కానీ వచనం ఇచ్చిన మాట ఇల్లు గురించి. విధవరాలికి కూడా, ముసలివాళ్ళకి కూడా, షిఫ్టు డ్యూటీ కుర్రాడికి కూడా.

ఇంకో సంగతి. 'ఏకాంగి' అని మనం చదివే చోట హెబ్రీలో ఉన్న మాట, ఆదికాండము 22:2లో అబ్రాహాముకు ఒక్కగానొక్కడైన ఇస్సాకు గురించి వాడిన మాటే. తెగిపోవలసిన బంధకం అనే అర్థం దానిలో నాకెక్కడా కనబడలేదు.

మరి ఆ ఇల్లు ఎలా ఉంటుంది? మన ప్రభువునే చూద్దాం. ముప్పై దాటిన వయసు, పెళ్ళి లేదు, తల వాల్చుకోవడానికి సొంత చోటు లేదు. మార్కు 3:21లో సొంతవాళ్ళే ఆయనకు మతి తప్పిందనుకుని పట్టుకుపోవడానికి వచ్చారు. ఇంట్లోవాళ్ళకి మనం అర్థం కాకపోవడం అంటే ఏంటో ఆయనకి తెలుసు. కాసేపటికి తల్లీ తమ్ముళ్ళూ బయట నిలబడి కబురు పంపితే, ఆయన తన చుట్టూ కూర్చున్నవాళ్ళని చూపించి వీళ్ళే నా కుటుంబం అన్నాడు. దీన్ని పట్టుకుని ఇంట్లో గొడవపడి సంఘమే నా ఇల్లు అంటూ బయటికొచ్చేసే కుర్రాళ్ళు ఉన్నారు, వాళ్ళు యోహాను 19:26-27 దాకా చదవాలి. సిలువ మీద ప్రాణం పోయే వేళ కూడా ఆయన అమ్మకి ఒక ఇల్లు చూసిపెట్టాడు. శిష్యుడు ఆమెను తన ఇంటికి తీసుకెళ్ళాడు.

మధ్యలో బేతనియ ఉంది. మార్త, మరియ, లాజరు. మనం ఎప్పుడూ మార్త పనిని, మరియ కూర్చోవడాన్ని పోల్చి ఆపేస్తాం. నాకు ఇప్పుడు కనబడేది ఆ గుమ్మం. యెరూషలేముకు దగ్గరలో యేసు వెళ్ళి భోజనం చేయగలిగిన ఒక ఇల్లు. లూకా 10లో, యోహాను 11లో, 12లో, మళ్ళీ మళ్ళీ అదే కుటుంబం. అక్కడ మార్త ఆయన మీద విసుక్కోగలిగింది కూడా. ఇల్లంటే అదే కదా, మర్యాద చూసుకోకుండా మాట్లాడగలిగే చోటు.

పౌలు సంగతి రోమా 16లో. రెండు డజన్లకు పైగా మనుషుల్ని పేరుపేరునా పలకరిస్తాడు. ప్రిస్కిల్ల, అకుల దంపతులు, వాళ్ళింట్లో సంఘం. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అనే స్త్రీలు. వీళ్ళకు పెళ్ళయిందో లేదో పౌలు రాయలేదు, ప్రభువు పనిలో కష్టపడ్డారని మాత్రం రాశాడు. మన చీటీల్లో కూడా ఇలాంటి వరుస ఒకటి ఉంటే ఎంత బాగుండేదో. పదమూడో వచనం మాత్రం ఆగి చదవండి. రూఫు తల్లి తనకూ తల్లే అంటాడు పౌలు. ఆవిడ పేరు లేదు. కానీ ఆ అపొస్తలునికి ఎక్కడో ఒక అమ్మ అన్నం పెట్టింది. నాకు మల్కాపురం గది గుర్తొచ్చింది.

మన చేతిలో ఉన్న తెలుగు లేఖనాల వెనక కూడా ఇలాంటి సహవాసమే ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ దె గ్రాంజ్ అనే ఇద్దరు మన విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తలు అనువదించడం మొదలుపెట్టారు. క్రీస్తును నమ్మిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్ళతో కూర్చుని పనిచేశాడు. 1809లో క్రాన్, 1810లో దె గ్రాంజ్ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తమ పుస్తకం చూడకుండానే ఇద్దరూ పోయారు. ఒకరు వదిలింది ఇంకొకరు ఎత్తుకున్నారు కాబట్టే మనం ఇవాళ చదువుతున్నాం.

సరే, నా తప్పు కూడా చెప్పాలి. మల్కాపురం నుంచి ఇంటికొచ్చాక నాకు ఫోన్ చెయ్యని వాళ్ళ మీద కోపంతో ఒక్కొక్క పేరే తలుచుకుంటూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది, పలాస నుంచి వచ్చి ప్లాంటులో ట్రైనీగా చేరిన ఒక తమ్ముడు క్వైర్‌లో గిటార్ వాయించేవాడు. నాలుగు నెలలుగా లేడు. నేను గమనించలేదు. ఫోన్ చేశాను. "అక్కా, బి షిఫ్టు సి షిఫ్టు పడిపోతున్నాయి. రాత్రంతా డ్యూటీ చేసి వస్తే ఆరాధనలో నిద్ర ముంచుకొస్తోంది. ఒకసారి నిద్రపోతే ముందు బెంచీవాళ్ళు నవ్వారు. అప్పట్నుంచి మానేశాను" అన్నాడు. మా సంఘం ప్లాంటుకి అంత దగ్గర. సగం ఇళ్ళు ప్లాంటు జీతం మీద నడిచాయి. అయినా సి షిఫ్టు మనిషికి నిద్ర వస్తుందని మాకు తెలియలేదు.

ఈ మాట నాన్నతో అంటే ఆయన కోక్ ఓవెన్ గురించి చెప్పారు. ఆయన రిటైరైంది ఆ డిపార్ట్‌మెంట్‌లోనే, ఏది అడిగినా అక్కడికే వస్తారు. "ఉత్పత్తి తగ్గించమంటారు, తగ్గిస్తాం. కానీ బ్యాటరీకి వేడి మాత్రం ఆపం. అది సిలికా ఇటుక. ఒకసారి చల్లారితే పగులుతుంది. పండగైనా ఆదివారమైనా అక్కడ మనిషి ఉండాలి." నిప్పులోంచి తీసిన బొగ్గు ఆరిపోతుందనే ఉదాహరణ మనం ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాం, తప్పంతా బొగ్గుదే అన్నట్టు. నాన్న చెప్పింది వింటే మాత్రం వేడి చూసుకునే మనిషి ఆ రోజు డ్యూటీలో ఉన్నాడా అని అడగాలనిపించింది.

స్నేహితుల సంగతి చాలామంది తమ్ముళ్ళు అడుగుతుంటారు, అవిశ్వాసులతో స్నేహం చెయ్యొచ్చా అని. నన్ను మొదట వెతికింది ఎవరో పైన రాశాను. అదే అమ్మాయి తరవాత కొమ్మాదిలో ఫ్లాట్ కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచింది, సత్యనారాయణ వ్రతం ఉంది. 1 కొరింథీ 10:27-29 చదువుకున్నాను. పిలిస్తే వెళ్ళి పెట్టింది తినమన్నాడు పౌలు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాని మనస్సాక్షి కోసం మానమన్నాడు. ముందురోజే ఆమెతో చెప్పాను, వస్తాను, భోజనం చేస్తాను, ప్రసాదం మాత్రం తీసుకోలేను, నొచ్చుకోకు అని. "నాకు తెలీదేంటే? నీకు వడ్డించేటప్పుడు చూసుకోమని అమ్మకి ముందే చెప్పాను" అంది. పొద్దున్నే వెళ్ళి కుర్చీలు వేశాను, ఆకుల్లో నీళ్ళు చల్లాను. ఆ ఇంట్లో నేను ఏం తిననో కన్నా ఎంత పొద్దున్నే వచ్చానో వాళ్ళకి ఎక్కువ గుర్తుంది.

అమ్మ సంగతే కష్టమైంది. ఆ చీటీ ప్రతి నెలా రాసిచ్చేది అమ్మే అని నాకు తెలుసు, ఎప్పుడూ అడగలేదు. ఒక రాత్రి అడిగాను. అమ్మ కాసేపు చిక్కుడుకాయలు గిల్లుతూనే ఉండి, "మేం పోయాక నీకెవరే?" అంది. ఐదేళ్ళ చీటీల వెనక ఉన్న మాట అది. నేను కోపంగా ఉన్నది ఆవిడ భయం మీద అని అప్పుడు అర్థమైంది.

నేను పెళ్ళి వద్దనుకోలేదు. 1 కొరింథీ 7లో పౌలు చెప్పిన వరం నాకుందని సాక్ష్యం చెప్పే ధైర్యం లేదు. సంబంధాలు వస్తున్నాయి. ప్రార్థనతో మొదలై, కులమేంటి, కారు పెడతారా అనే దగ్గర ఆగుతున్నాయి. విశ్వాసుల ఇళ్ళలో కూడా అంతే, దాని మీద వేరే వీడియో చెయ్యాలి. కానీ అమ్మ అడిగిన దానికి పెళ్ళొక్కటే జవాబు కాదు. మల్కాపురం ఆవిడకి పెళ్ళయింది కదా. అమ్మని ఒక ఆదివారం ఆవిడ ఇంటికి తీసుకెళ్ళాను. ఇద్దరూ ఉల్లిపాయలు కోసుకుంటూ నన్ను మర్చిపోయారు. తిరిగొచ్చేటప్పుడు స్కూటీ వెనక నుంచి అమ్మ, "వచ్చే వారం ఆవిణ్ణి మనింటికే రమ్మందాం" అంది.

అలా మొదలై ఇప్పటికి ఏడు నెలలు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ఇంట్లో అన్నం. పెద్ద పరిచర్య ఏమీ కాదు, పేరు కూడా పెట్టలేదు. పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు, హాస్టల్లో ఉండే శ్రీకాకుళం అమ్మాయిలిద్దరు, మల్కాపురం ఆంటీ. షిఫ్టు తమ్ముళ్ళ కోసం డ్యూటీ చార్టు ఫోటో తీసి పెట్టుకున్నాం. సి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు ఆరాధనలో నిద్రపోయినా ఎవరూ నవ్వకూడదని అయ్యగారే ఒకసారి మైకులో చెప్పారు. పలాస తమ్ముడు తిరిగొచ్చాడు, ఒక్కోసారి గోడకి ఆనుకుని నిద్రపోతాడు. కుదరని రోజులూ ఉన్నాయి. ఒక వారం మేమిద్దరమే వెళ్ళాం, ఒక వారం కూర మాడిపోయింది, ఒక ఇంట్లో మాటామాటా వచ్చి రెండు వారాలు ఆగింది.

మొదటి శుక్రవారం చీటీ అమ్మ ఇంకా రాస్తోంది. పోయిన నెల నాకు చూపించి రాసింది. వివాహం అనే మాట తియ్యలేదు. దాని కింద ఇంకో వరుస చేర్చింది, సండే స్కూల్లో నేను చెప్పే పదహారు మంది పిల్లల కోసం.

వచ్చే వారం రోమా 16 మొత్తం చూద్దాం. చదివి రండి, చదివేటప్పుడు మీ సంఘంలో ఈమధ్య కనబడని ఒకరి పేరు పక్కన రాసుకోండి, వీలైతే ఆదివారం లోపే ఫోన్ చెయ్యండి. ఈ ఆదివారం వంట మా ఇంట్లో. ముద్దపప్పు, ఆవకాయ, నెత్తళ్ళ వేపుడు.