టీవీ వెనక్కి ఓసారి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గొడవ ఒక్కటే. టీవీ చెడిపోలేదు, బొమ్మ బాగానే వస్తోంది, ఇంట్లో వైఫై కూడా ఉంది. ఆ రెంటికీ పొత్తు కుదరడం లేదు. అందుకని మిగతా సందేహాలను వచ్చే సంచికకు ఉంచి, ఈ శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాం.

● 2011లో నలభై అంగుళాల ఎల్ఈడీ టీవీ కొన్నాను. అట్టపెట్టె మీద ‘వైర్‌లెస్ లాన్ రెడీ’ అని ఉంది. ఈమధ్య కంప్యూటర్ షాపులో వైఫై డాంగిల్ కొని టీవీ యూఎస్‌బీకి పెడితే ‘ఈ పరికరం పనిచేయదు’ అంటోంది. షాపతను అదే డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, నెట్ వస్తోందని చూపించాడు. లోపం దేనిలో ఉంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

లోపం రెండింటిలోనూ లేదు మాస్టారూ. టీవీలో వైఫై లేదని, కంపెనీ అమ్మే అడాప్టర్‌ను విడిగా కొని పెట్టుకోవచ్చని ఆ అట్టపెట్టె మీది మాటకు అర్థం. 2009 నుంచి 2012 దాకా వచ్చిన చాలా టీవీలది ఇదే కథ. డాంగిల్ పనిచేయాలంటే అందులోని చిప్‌తో మాట్లాడే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ టీవీలో ముందే ఉండాలి. ల్యాప్‌టాప్‌లో అయితే కావలసిన డ్రైవర్ మనమే వేసుకుంటాం. టీవీలో ఆ వీలు లేదు. కంపెనీ తన అడాప్టర్‌కు పనికొచ్చే డ్రైవర్ ఒక్కటి పెట్టి తలుపు మూసేసింది. మీరు పెన్‌డ్రైవ్ పెడితే పాటలు, ఫొటోలు వస్తాయి గదా, ఆ యూఎస్‌బీకి తెలిసిన విద్య అంతవరకే.

మీ టీవీ ఏ కంపెనీదో రాయలేదు. సోనీ బ్రావియా అయితే యూడబ్ల్యూఏ-బీఆర్100, ఎల్‌జీ అయితే ఏఎన్-డబ్ల్యూఎఫ్100, శాంసంగ్ అయితే డబ్ల్యూఐఎస్12ఏబీజీఎన్ఎక్స్, పానాసోనిక్ అయితే డీవై-డబ్ల్యూఎల్10 అనే అడాప్టర్లు ఆ కాలంలో వచ్చేవి. (ఈ పేర్లు పెట్టినవాళ్లు వాటిని ఒక్కసారైనా బయటికి చదివి ఉండరు.) ఏ మోడల్‌కు ఏ అడాప్టర్ అన్నది టీవీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. పాత సరుకు అమ్మేవాళ్ల దగ్గర ఒకటీ అరా కనిపిస్తాయి, ధర మాత్రం పాతది కాదు.

వెతికి పట్టుకున్నారనే అనుకుందాం. అప్పుడు ఎదురయ్యే చిక్కు ఇంకా పెద్దది. టీవీ ఇంటర్నెట్‌కు కలుస్తుంది, చూడడానికి మాత్రం ఏమీ ఉండదు. 2012, అంతకుముందు వచ్చిన టీవీల్లోని యూట్యూబ్ యాప్‌కు 2015 ఏప్రిల్ నుంచి గూగుల్ స్వస్తి చెప్పింది. 2010, 2011 నాటి కొన్ని శాంసంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ 2019 డిసెంబర్ 1 నుంచి ఆగిపోయింది. ఇక మన ‘ఆహా’ వచ్చిందే 2020 ఉగాదికి. 2011 టీవీలోకి ఆ యాప్ ఎక్కడినుంచి వస్తుంది? దీనికి తోడు వెబ్‌సైట్లు తమను తాము రుజువు చేసుకునే డిజిటల్ సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది. అప్‌డేట్లు ఆగిపోయిన టీవీ కొత్త సర్టిఫికెట్లను గుర్తుపట్టదు. 2021 సెప్టెంబర్ 30న అలాంటి మూల సర్టిఫికెట్ ఒకటి గడువు తీరినప్పుడు ఎన్నో పాత పరికరాలు కొన్ని సైట్లను తెరవలేకపోయాయి.

కనుక ఆ అడాప్టర్ వేట మానండి. మీ టీవీ తెరకు, స్పీకర్లకు ఇంకా ఆయుష్షు ఉంది, పాతబడింది లోపలి బుర్ర. వెనక హెచ్‌డీఎంఐ పోర్టు తప్పకుండా ఉంటుంది. దానికి ఫైర్ టీవీ స్టిక్ గానీ, గూగుల్ ధ్రువీకరణ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ గానీ తగిలించండి. వైఫై, యాప్‌లు, అప్‌డేట్లు అన్నీ అదే చూసుకుంటుంది. డాంగిల్‌ను ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేయండి.

● మా టీవీ కాస్త కొత్తది, 2014లో కొన్నాం. యాప్‌లు పనిచేస్తున్నాయి. వైఫై లేదు, లాన్ పోర్టు ఉంది. రౌటర్ హాల్లో, టీవీ పడగ్గదిలో. గోడకు రంధ్రం కొట్టి వైరు లాగడం మా ఆవిడకు ఇష్టం లేదు. స్టిక్ కొనకుండా ఇంకేదైనా దారి ఉందా?
– బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం

ఉంది. చక్కటి దారే. లాన్ పోర్టుకు డ్రైవర్ గొడవ లేదు. అవతలి కొసన వైరు ఉందా, గాలిలో వచ్చే సిగ్నల్ ఉందా అన్నది దానికి అనవసరం. కాబట్టి టీవీ పక్కన ఒక చిన్న పెట్టె ఉంచి, అది రౌటర్ నుంచి వైఫై అందుకుని, జానెడు లాన్ కేబుల్‌తో టీవీకి అందించేలా చేయవచ్చు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్802ఎన్ లాంటి నానో రౌటర్లలో దీనికోసం ‘క్లయింట్ మోడ్’ ఉంటుంది. లాన్ పోర్టు ఉన్న వైఫై ఎక్స్‌టెండర్ అయినా సరే. అదే కంపెనీ టీఎల్-డబ్ల్యూఏ850ఆర్ఈ అలాంటిది. కొనేటప్పుడు ఎక్స్‌టెండర్ అడుగున లాన్ పోర్టు ఉందో లేదో కళ్లతో చూసుకోండి. చౌకవాటిలో కొన్నింటికి ఉండదు.

నానో రౌటర్ కొన్నవాళ్లు ఎక్కువగా తడబడేది సెట్టింగ్ దగ్గర. పెట్టెలోంచి తీసీ తీయగానే అది ‘రౌటర్’ లేదా ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లో ఉంటుంది. ఆ రెండూ వైరులో వచ్చిన నెట్‌ను గాలిలోకి పంపేవి. మీకు కావలసింది దానికి తలకిందులు. ఫోన్‌ను ఆ పెట్టె వైఫైకి కలిపి, దాని అడుగున రాసి ఉన్న చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి, క్లయింట్ మోడ్ ఎంచుకుని, మీ ఇంటి వైఫై పేరు పట్టి, పాస్‌వర్డ్ కొట్టండి. అది ఆగి మళ్లీ మొదలయ్యాక కేబుల్ టీవీకి పెట్టి, టీవీ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘వైర్డ్’ అన్నది ఎంచుకుంటే సరి. మీ రౌటర్‌ను ముట్టుకోనక్కర్లేదు.

మీలా లాన్ పోర్టు చూసి సంబరపడే మిగతా పాఠకులకు ఒక మాట. 2010కి అటూ ఇటూ వచ్చిన కొన్ని టీవీల్లో లాన్ పోర్టు ఇచ్చింది ఇంట్లోని కంప్యూటర్ నుంచి ఫొటోలు, వీడియోలు తెచ్చుకోవడానికే. వాటిలో ఇంటర్నెట్ యాప్‌లే లేవు. పెట్టె కొనకముందే రిమోట్ తీసుకుని మెనూలో యాప్‌లు ఉన్నాయేమో వెతకండి.

● స్టిక్ పెట్టాం. సినిమా మధ్యలో దానంతట అదే ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. వారంలోనే చెడిపోయిందా?
– గృహిణి, అనకాపల్లి

స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తున్నట్టున్నారు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్ ఇస్తుంది. స్టిక్‌తో వచ్చే ఛార్జర్ 1 ఆంపియర్‌ది. మెనూలు చూసినంతసేపు సరిపోయినట్టే ఉంటుంది, సినిమా మొదలై వైఫై, ప్రాసెసర్ రెండూ గట్టిగా పనిచేసేసరికి కరెంటు చాలదు. పెట్టెలో వచ్చిన ఛార్జర్‌ను గోడ ప్లగ్గుకే పెట్టండి. టీవీ కట్టేసినప్పుడల్లా స్టిక్ కూడా ఆరిపోయి, మళ్లీ లేవడానికి నిమిషం పట్టే బాధ కూడా దాంతోనే పోతుంది.

● మాది డూప్లెక్స్. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. కింద ఫోన్‌లో స్పీడు బ్రహ్మాండం. పైన టీవీలో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. నెట్ కంపెనీ వాళ్లు మా తప్పు లేదంటున్నారు.
– వ్యాపారి, కర్నూలు

వాళ్లు చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. ఆ 100 రౌటర్ దాకా వచ్చే లెక్క, టీవీ దాకా వచ్చేది వేరు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలు. అంటే మీకు రావలసిన దాంట్లో ఆరో వంతు కూడా పైకి చేరడం లేదు.

ముందు ఫోన్ తీసుకుని టీవీ వెనక నిలబడి స్పీడు చూడండి. సోఫాలో కూర్చుని కాదు, టీవీ వెనకే. ఆ తర్వాత రౌటర్ ఎక్కడుందో చూడండి. మన ఇళ్లలో రౌటర్ చోటును నిర్ణయించేది ఇంటివాళ్లు కాదు, వైరు లాగిన అబ్బాయి. కిటికీలోంచి వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడే మేకు కొట్టి వెళ్లిపోతాడు. అది ఇనుప బీరువా వెనకో, ఇన్వర్టర్ పైనో అవుతుంది. రెండు వైపులా ఇనుప ఊచలు పరిచిన స్లాబును దాటాల్సిన సిగ్నల్‌కు మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది.

రౌటర్ రెండు బ్యాండ్లది అయితే, 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, కాకపోతే పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ గాలిలోనే ఉంటాయి. అపార్టుమెంట్లలో అది సంతలో అందరూ ఒకేసారి కేకలేసినట్టు ఉంటుంది. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. రౌటర్ సెట్టింగుల్లో వాటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మీ ఇంట్లో రెండు బ్యాండ్లూ మార్చి మార్చి చూడక తప్పదు. టీవీకి నేరుగా స్టిక్ గుచ్చి ఉంటే, దానితో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ తోకను వాడండి. తెర వెనకున్న లోహపు పలకనుంచి స్టిక్ నాలుగు వేళ్లు పక్కకు జరిగితే సిగ్నల్ మెరుగవుతుంది. ఆ తోకను పనికిరానిదని పారేసేవాళ్లే ఎక్కువ.

ఎక్స్‌టెండర్ పెడతానంటే టీవీ పక్కన పెట్టకండి. అక్కడికి చేరే సిగ్నలే బలహీనం, దాన్ని తిరిగి పంచితే బలహీనతే పంచుతుంది. మెట్ల మలుపులో, సగం దారిలో పెట్టండి. ఒకే బ్యాండ్ ఎక్స్‌టెండర్ వినడం, చెప్పడం రెండూ ఒకే దారిలో చేస్తుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. మీకున్న 100లో సగమైనా ఎక్కువే, దిగులు లేదు. వీటన్నిటికన్నా గట్టి మందు మెట్ల పక్కనుంచి ఒక క్యాట్-5ఈ వైరు లాగడం. 100 మీటర్ల దాకా దానికి అలసట ఉండదు. ఖర్చు ఎక్స్‌టెండర్‌కన్నా తక్కువే కావచ్చు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడమే అసలు ఖర్చు.

● కొత్త రౌటర్ పెట్టించాక మా పాత టీవీ వైఫై అడాప్టర్‌కు కనెక్షన్ కుదరడం లేదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాం.
– విద్యార్థి, వరంగల్

కొత్త రౌటర్‌లో భద్రత ‘డబ్ల్యూపీఏ3’ మాత్రమే అని పెట్టి ఉండవచ్చు. పాత అడాప్టర్‌కు అది తెలియదు. ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ అని రెండూ కలిసిన పద్ధతికి మార్చండి. అసలు వైఫై పేరే కనబడకపోతే మీ అడాప్టర్ 2.4 గిగాహెర్ట్జ్‌ది అయి, రౌటర్‌లో 5 మాత్రమే ఆన్‌లో ఉందేమో చూడండి.

● మా ఊళ్లో ఫైబర్ లేదు. రోజుకు 2 జీబీ ఫోన్ డేటా ఉంది. ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో టీవీకి కలిపితే నెట్ వస్తుందా?
– రైతు, పాడేరు దగ్గర

రాదండి. ఆ వైరుతో ఫోన్ ఛార్జింగ్ అవుతుంది, మహా అయితే ఫోన్‌లోని ఫొటోలు కనిపిస్తాయి. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి స్టిక్‌ను దానికి కలపండి, పనిచేస్తుంది. డేటా మాత్రం జాగ్రత్త. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది, మీ 2 జీబీ నలభై నిమిషాలకే అయిపోవచ్చు. వీడియో నాణ్యతను 480పీకి తగ్గిస్తే గంటకు 1 జీబీ లోపే. ఒక సినిమా చూడొచ్చు.

● డబ్బా టీవీ. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు తప్ప ఏమీ లేవు. దీనికీ పెట్టొచ్చా?
– టైలర్, జగిత్యాల

పెట్టొచ్చు. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే కన్వర్టర్ అడగండి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది కూడా అలాగే ఉంటుంది, అది ఇస్తే తీసుకోకండి. దీనికీ విడిగా ఛార్జర్ కావాలి. పాటలు, సినిమాలు బాగానే వస్తాయి. యాప్‌లోని చిన్న అక్షరాలు మాత్రం చదవలేరు. నా మాటైతే ఆ డబ్బులు కొత్త టీవీకి దాచుకోండి.

● అబ్బాయి డాలస్ నుంచి ఫైర్ స్టిక్ తెచ్చాడు. ఇక్కడ ఇండియా యాప్‌లు కొన్ని దొరకడం లేదు. పక్కింటివాళ్లు, వేల ఛానళ్లు ఉచితంగా వచ్చే పేరులేని ఆండ్రాయిడ్ బాక్స్ కొనమంటున్నారు.
– పాఠకురాలు, భీమవరం

స్టిక్ మంచిదేనమ్మా. అబ్బాయి అమెజాన్ అకౌంటులో దేశం అమెరికా అని ఉన్నంతకాలం అక్కడి యాప్ స్టోరే తెరుచుకుంటుంది. ఇండియా చిరునామాతో ఉన్న మీ అకౌంటుతో లాగిన్ అవ్వండి. ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే బల్లపరుపు పిన్నుకు ఒక మార్పిడి ప్లగ్ చాలు. టీవీ మెనూలో సీఈసీ ఆన్ చేయండి (శాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్). స్టిక్ రిమోట్ నొక్కితే టీవీ కూడా లేస్తుంది, రెండు రిమోట్లతో తంటా ఉండదు.

ఆ పేరులేని బాక్సు మాత్రం వద్దు. వాటిలో కొన్ని ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్‌తో వస్తున్నాయి. ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ పేరిట నడుస్తున్న ఈ వ్యవహారం గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక జారీ చేసింది. మీరు సీరియల్ చూస్తుంటే, ఆ బాక్స్ మీ ఇంటి ఇంటర్నెట్‌ను ఎవరి పనికో వాడుకుంటూ ఉంటుంది. పైగా ధ్రువీకరణ లేని బాక్సుల్లో ఓటీటీలు డబ్బు కట్టినా హెచ్‌డీ ఇవ్వవు, 480పీతో సరిపెడతాయి.

వచ్చే సంచికకు రాసేవారికి ఒక విన్నపం: టీవీ కంపెనీ, వెనక అంటించిన చీటీ మీది మోడల్ నంబరు, ఉన్న పోర్టుల పేర్లు ఉత్తరంలో తప్పకుండా రాయండి. వీలైతే టీవీ వెనక భాగం ఫొటో కూడా జతచేయండి.