నేను కొట్టిన చప్పట్లు

కరీంనగర్

చి. మౌనికను పెద్దబాపు దీవించి రాయునది.

నువ్వు పంపిన వీడియో చూశాను, ఉత్తరం చదివాను బిడ్డా. ఫోన్‌లో మాట్లాడితే మీ బాపు పక్కనుంచి వింటాడని కాగితం మీద రాస్తున్నాను.

ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని డెబ్బై రోజులు టెంటు కింద కూర్చుంటే తొంగి చూడని విలేకరులు, బస్సు అద్దం పగలగానే ఉరికొచ్చారన్నావు. పగలగొట్టింది బయటివాళ్లని ప్రెస్ నోట్ ఇవ్వాలా అని అడిగావు. అది నిజమో కాదో నీకే తెలియదని కూడా రాశావు. తెలియనప్పుడు ఇవ్వకు.

నేనెందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో ఇంట్లో ఎవరికీ తెలియదు. 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం చేసిన మిలియన్ మార్చ్ నాడు, నేను హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఉన్నాను. సర్కారు అనుమతి ఇవ్వలేదు. ముందే వేలమందిని ఎక్కడికక్కడ పట్టుకున్నారు, దార్లన్నీ మూశారు. అయినా చేరేవాళ్లం చేరాం. గొంతులు పోయేదాకా అరిచాం. అంతలో కొందరు విగ్రహాల మీదికి ఎక్కారు. ఆ విగ్రహాల వరుసలో మన తెలంగాణ వాళ్లు ఎందరున్నారని మా కడుపుమంట. అది న్యాయమైన మంటే, ఇప్పటికీ అంటాను. కానీ దెబ్బతిన్నవాటిలో శ్రీశ్రీ ఉన్నాడు, అన్నమయ్య ఉన్నాడు, జాషువా ఉన్నాడు. ఇరవై ఏళ్లు జాషువాను పాఠం చెప్పి జీతం తీసుకున్న నేను, మొదటి విగ్రహం ఊగగానే చప్పట్లు కొట్టాను.

తెల్లారి స్టాఫ్‌రూములో మా సహోద్యోగి ఒకాయన, గుంటూరు వైపు మనిషి, పేపరు నా ముందు పెట్టి క్లాసుకు పోయాడు. ఒక్క మాట అనలేదు. తెలంగాణ అడగడంలో న్యాయం ఉందని అప్పటిదాకా తనవాళ్లతో కొట్లాడినవాడు ఆయన. ఆ తర్వాత కొట్లాడలేదు. ఏం చెప్పి కొట్లాడతాడు?

అన్ని కంచెలు దాటుకుని జనం వచ్చారన్నది ఆ రోజు వార్త కావాలి. విగ్రహాలే వార్తయ్యాయి. రెండు వారాలు తిరక్కుండా, మార్చి 23న, తెలంగాణ విషయం తేల్చడానికి కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ సీల్డ్ కవర్‌లో ఇచ్చిన ఎనిమిదో అధ్యాయం గుట్టును హైకోర్టులో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తన తీర్పులో విప్పారు. ఉద్యమాన్ని ఎట్లా అదుపు చేయాలో, మీడియాను ఎట్లా మలుచుకోవాలో అందులో సలహాలున్నాయి. మావాళ్లంతా మండిపడ్డారు. నేనూ మండిపడ్డాను గానీ, వాళ్ల పనిలో సగం ట్యాంక్‌బండ్ మీద మేమే చేసిపెట్టాం కదా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి నువ్వు రేపే డిపోకు పో. మా ధర్నా నాడే పగిలింది, ఖర్చు మేం పెట్టుకుంటాం అని చెప్పు. చందాలో నావి వెయ్యి రూపాయలు. తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని మీ పోరగాళ్లు లొల్లి చేస్తారు, చేయనీ. ఆ బస్సులో ఎవరున్నారు? అంగడికి కూరగాయల గంపలు మోసుకొచ్చే పక్క ఊరి ఆడవాళ్లు. ఫ్యాక్టరీ వచ్చి వాగు చెడితే వాళ్ల మళ్లూ చెడతాయి. మీ టెంటులోకి రావాల్సినవాళ్లను మీరే భయపెట్టి పంపారు.

సకల జనుల సమ్మె నాకు ఇంకో పాఠం. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచింది. సింగరేణి, ఆర్టీసీ, ఆఫీసులు, బడులు అన్నీ ఆగాయి. జీతాల్లేకుండానే దసరా చేసుకున్నాం. మా బలం చూసి మాకే ఆశ్చర్యం. కానీ ఢిల్లీకి తగలాల్సిన దెబ్బ చాలావరకు మన పిల్లల చదువుల మీద పడింది. "సార్, కాలేజీ ఎప్పుడు తెరుస్తరు?" అని తల్లిదండ్రులు అడుగుతుంటే మొహం చాటేసేవాణ్ని. వాళ్లలో తెలంగాణ వద్దన్నవాడు ఒక్కడూ లేడు.

వంటావార్పు చూడు, అదీ రోడ్డు బంద్ చేయడమే. కానీ నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, ఆగిన లారీ డ్రైవరుకు కూడా విస్తరి వేస్తే ఆయన ఏమని తిడతాడు? ఆ ఫొటోలో ఎంత గాలించినా రౌడీ దొరకడు. 2012 సెప్టెంబర్ 30న సాగరహారం కవాతుకు పోయినప్పుడు మా పిల్లల చుట్టూ తాడు పట్టుకుని నిలబడ్డాను. రాయి పట్టినవాణ్ని పోలీసుల కంటే ముందు మనమే పట్టుకోవాలని బస్సులోనే ఒట్టు పెట్టించాను. బాష్పవాయువు వదిలారు, వాన కొట్టింది, రాత్రయినా నెక్లెస్ రోడ్డు మీంచి జనం కదల్లేదు.

అట్లని మంచి పేరు కోసం కూర్చోకు. రోజూ టెంటులో కూర్చుని ఫొటో దిగి లేస్తే అధికారులకు మీరూ రోడ్డు పక్కన చింతచెట్టూ ఒకటే. ఫ్యాక్టరీ రోజుకు ఎన్ని నీళ్లు తోడుకుంటుందని అనుమతి కాగితాల్లో ఉందో సమాచార హక్కు కింద అడుగు. ఆ లెక్క చేతికి రాగానే మిగతా పద్నాలుగు డిమాండ్లు పక్కన పెట్టి, హోటల్లో చాయ్ తాగేవాడికి కూడా అర్థమయ్యేటట్టు అదొక్కటే చెప్పండి.

అసలు నన్ను కలవరపెట్టింది నీ ఉత్తరం చివర్లోని ముక్క. "నేను సస్తె గని కలెక్టర్ రాడు" అని టెంటులో ఒక పిల్లగాడు అన్నాడని, అందరూ నవ్వారని. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న ప్రాణం పోయింది. మేం ఫొటోలకు దండలు వేశాం, పాటలు కట్టాం. ఆ తర్వాత ఎందరో పిల్లలు పోయారు. ఒక్కో పేరు విన్నప్పుడల్లా రెండు నిమిషాలు మౌనం పాటించి పాఠం మొదలుపెట్టేవాణ్ని. వద్దురా అని మాత్రం ఒక్కనాడూ క్లాసులో నోరు తెరిచి చెప్పలేదు.

డిపోకు ఎల్లుండి పోవచ్చు. ముందు ఆ పిల్లగాని ఇంటికి పో. వాళ్ల అమ్మతో మాట్లాడు. రాత్రికి నాకు ఫోన్ చెయ్యి, మీ బాపు వింటే విననీ.

నీ
పెద్దబాపు