జేబులో అప్రస్తుత ప్రసంగి: ఫోన్‌తో పెరిగే పిల్లలకు అవధానం ఎలా నేర్పాలి?



ఈ వారం పాఠం ఒకే ఒక్క మాట గురించి. ఆ మాట 'అవధానం'.

మన ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. "వీడు ఐదు నిమిషాలు ఒకచోట కూర్చోడు. నాలుగు వాక్యాలు గుర్తుపెట్టుకోమంటే విసుక్కుంటాడు. చేతికి ఫోన్ ఇస్తే మాత్రం రెండు గంటలు కదలడు. ఏం చేయాలి?" నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఉండేది లక్డీకాపూల్‌లో. ఫోన్ వెనకాల ఏం జరుగుతుందో వృత్తి వల్ల కొంత తెలుసు. ఫోన్ ముందు ఏం జరుగుతుందో ఇంట్లో పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. ఆ రెండూ కలిపి చెప్పే ప్రయత్నం ఇది.

1. మార్పు ఎక్కడ వచ్చింది?

మా లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ అమీర్‌పేట్. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక జిల్లాల నుంచి వచ్చిన ఎందరో పిల్లలు అక్కడ మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లోనే కోర్సులు నేర్చుకున్నారు. హాస్టల్ గది, జిరాక్స్ మెటీరియల్, కిక్కిరిసిన క్లాసు. అప్పుడు జావా, ఒరాకిల్. ఇప్పుడు క్లౌడ్, డేటా సైన్స్, ఏఐ. బోర్డుల మీద పేర్లు మారాయి కానీ సందులు అవే. ఎన్నో కుటుంబాలకి ఆ సందులే అన్నం పెట్టాయి. కాబట్టి టెక్నాలజీని తిట్టడం మన పాఠం కాదు.

కానీ ఒక తేడా గమనించండి. ఆ రోజుల్లో మనిషి కంప్యూటర్ దగ్గరికి వెళ్లేవాడు. నేను స్కూల్లో ఉన్నప్పుడు నెట్ సెంటర్‌కి వెళ్లి గంటకింత అని డబ్బు కట్టేవాళ్లం. గంట అవగానే లేవాలి, వెనకాల ఇంకొకరు నిలబడి ఉంటారు. అంటే లోపలికి వెళ్లడానికీ బయటికి రావడానికీ ఒక గుమ్మం ఉండేది.

ఆ గుమ్మం చాలా తొందరగా పోయింది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, డేటా చవకైంది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబర్ 1 నుంచి మన తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా, ఆన్‌లైన్‌లో నడిచాయి. "ఫోన్ ముట్టుకోకు" అన్న తల్లిదండ్రులే "ఫోన్ ముందు కూర్చో" అనాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. మూడు నెలలు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి వచ్చేశాయి. ఒక యాప్ పోయింది, అలవాటు మాత్రం ఇల్లు మారి అక్కడే ఉంది.

ఇప్పటి పిల్లలు ఫోన్ దగ్గరికి వెళ్లడం లేదు. ఫోనే వాళ్ల దగ్గరికి వస్తోంది. ఈ ఒక్క తేడా అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే.

2. ఫోన్ వెనకాల ఏం జరుగుతుంది?

మూడు పనులు జరుగుతాయి. సులువుగా చెప్తాను.

మొదటిది, చివర లేకపోవడం. పుస్తకంలో పేజీ అయిపోతుంది. పాత వెబ్‌సైట్లలో కూడా కింద 'తర్వాతి పేజీ' అని ఉండేది. అక్కడ మనసు ఒక్క క్షణం ఆగి "చాలా? ఇంకా కావాలా?" అని అడిగేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ కిందికి జరిపేకొద్దీ కొత్తది వస్తూనే ఉండే పద్ధతి తయారుచేశాడు. దాని ప్రభావం చూసి తర్వాత ఆయనే బాధపడ్డాడు. ఆ పద్ధతిలో మనసు ఆగే చోటు పోయింది.

రెండోది, ఏం వస్తుందో తెలియకపోవడం. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద ప్రయోగాలు చేశాడు. మీట నొక్కినప్పుడల్లా గింజలు వస్తే పావురం కావలసినంత తిని ఊరుకుంటుంది. ఎప్పుడొస్తాయో తెలియకపోతే నొక్కుతూనే ఉంటుంది. రీల్స్‌లో పది చప్పగా ఉంటాయి, పదకొండోది బావుంటుంది. ఆ పదకొండో దాని కోసమే వేలు కదులుతూ ఉంటుంది.

మూడోది, పిలుపు. మనం ఫోన్ పక్కన పెట్టినా అది 'టింగ్' అంటుంది. ఏ సమయంలో, ఏ మాటతో పిలిస్తే ఎక్కువమంది వెనక్కి వస్తారో యాప్ తయారుచేసేవాళ్లు పరీక్షించి చూస్తారు. సగం మందికి ఒక మాట పంపుతారు, సగం మందికి ఇంకో మాట. ఎక్కువమందిని లాగిన మాటే నిలబడుతుంది.

ఇందులో పిల్లల్ని పాడుచేయాలని ఎవరూ కూర్చుని కుట్ర చేయక్కర్లేదు. టీమ్ ముందున్న స్క్రీన్ మీద 'ఎంతసేపు ఉన్నారు' అనే అంకె కనిపిస్తుంది. 'ఆ పిల్ల రాత్రి నిద్రపోయిందా' అనే అంకె ఆ స్క్రీన్ మీద ఉండదు. కొలిచింది పెరుగుతుంది, కొలవనిది ఎవరికీ కనపడదు. అంతే.

3. మన దగ్గరున్న ఒక విద్య

ఇప్పుడు అవధానం దగ్గరికి వద్దాం. ఈ సంస్కృత పదానికి అర్థం శ్రద్ధ, ఏకాగ్రత. దాన్ని ఒక సాహిత్య కళగా ఇంతగా పెంచుకున్నది మన తెలుగువాళ్లం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేశారు.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పుకుంటూ నాలుగు ఆవృత్తాల్లో పద్యాలు పూర్తిచేస్తారు. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు కొట్టారో లెక్క చెప్పాలి. వీళ్లందరి మధ్యా ఒక ముఖ్యమైన మనిషి కూర్చుంటారు. ఆయనే అప్రస్తుత ప్రసంగి. సంబంధం లేని ప్రశ్నలు వేసి, నవ్వించి, అవధాని ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. అవధాని ఆయనకి చమత్కారంగా జవాబు చెప్పి, వదిలేసిన పాదం దగ్గరికే తిరిగి వస్తారు. చివర్లో ధారణ. చెప్పిన పద్యాలన్నీ కాగితం లేకుండా వరసగా అప్పజెప్పాలి.

ఒక్కసారి ఆలోచించండి. గంట అంటే నోటిఫికేషన్. అప్రస్తుత ప్రసంగి అంటే మధ్యలో వచ్చే రీల్. మన పెద్దలు ధ్యాస చెదరగొట్టేవాణ్ని సభలోంచి బయటికి పంపలేదు, పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అయితే ఒక షరతు ఉంది. ఆ కుర్చీలో కూర్చునేది ఒక్కరే. ఆయనకి జవాబు చెప్పాక తిరిగి రావడానికి ఒక పద్యం ఉంది. పైగా అవధాని ఏళ్ల తరబడి సాధన చేసి వచ్చిన మనిషి.

మన పిల్లల పరిస్థితి అది కాదు. సాధన మొదలుకాక ముందే అప్రస్తుత ప్రసంగి వచ్చి ఒళ్లో కూర్చున్నాడు. తిరిగి రావడానికి పద్యమే లేదు. అందుకని నా మనవి ఏమిటంటే, ఈ తరానికి తెలివి తగ్గలేదు. అవధానం నేర్పేవాళ్లు కరువయ్యారు.

4. ఒక జాగ్రత్త

ఇంతవరకూ చదివి "అయితే ఫోన్ లాగేసుకుంటే సరి" అనుకోకండి. 2023లో అసర్ సంస్థ గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద సర్వే చేసింది. దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాళ్లకి వాడటమూ తెలుసు. అయితే వాడటం తెలిసినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం మాత్రమే. అంటే ఇంట్లో "ఫోన్ వద్దు" అనే తీర్పు వస్తే అది ముందుగా ఎవరి మీద పడుతుందో మీకే తెలుసు. చెల్లి ఫోన్ లాక్కుని అన్నయ్య చేతిలో ఉంచితే అది క్రమశిక్షణ అనిపించుకోదు. ఊళ్లో ఉన్న అమ్మాయికి ఆ ఫోనే స్కాలర్‌షిప్ ఫారం, అదే పరీక్ష ఫలితం, అదే టీచరు.

అలాగని పిల్లల్ని పూర్తిగా వాళ్ల ఇష్టానికే వదలడమూ కుదరదు. రెండేళ్ల లోపు పిల్లలు స్క్రీన్ ముందు కూర్చోకూడదనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మన దేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, పిల్లల అలవాట్ల మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపించకూడదంటుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లకి సోషల్ మీడియా ఖాతాలు ఆపింది. చట్టాలు గుమ్మం కట్టగలవు. కానీ గుమ్మం లోపల పిల్లవాడితో కూర్చోవాల్సింది మనమే.

5. ఆచరణ

భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు ఈ మాటే అడిగాడు. గాలిని పట్టలేనట్టు మనసునీ పట్టలేకపోతున్నా అన్నాడు. కృష్ణుడు "నీ మనసు చెడ్డది" అనలేదు. కష్టమే అని ఒప్పుకుని అభ్యాసం, వైరాగ్యం అని రెండు దారులు చూపించాడు. ఆ రెండింటినీ మన ఇంటికి తగ్గట్టు ఇలా మార్చుకుందాం.

• *గుమ్మం తిరిగి కట్టండి.* మా దగ్గరి బిర్లా మందిర్‌లో ఫోన్ బయట కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలి. అక్కడ ఎవరూ గొడవపడరు, ఎందుకంటే నియమం అందరికీ ఒక్కటే. ఇంట్లో కూడా భోజనం వేళ, పడుకునే వేళ ఫోన్లన్నీ ఒకే చోట పెట్టండి. నాన్న ఫోన్ కూడా అక్కడే ఉండాలి.

• *గంటలు తగ్గించండి.* మనుషులు చేసే కాల్స్, మెసేజ్‌లు తప్ప మిగతా యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. సెట్టింగ్స్‌లో రెండు నిమిషాల పని.

• *తిరిగి రావడానికి ఒక పద్యం ఇవ్వండి.* రోజుకి పది నిమిషాలు చాలు. శతక పద్యం కావచ్చు, ఎక్కాలు కావచ్చు, తాతగారి ఊరి కథ కావచ్చు. వారం చివర చూడకుండా అప్పజెప్పించండి. అదే ధారణ. తప్పు పోతే నవ్వి మళ్లీ మొదలుపెట్టించండి.

• *లోపల ఎలా పనిచేస్తుందో చెప్పండి.* పదేళ్ల పిల్లకి పావురం కథ బాగా అర్థమవుతుంది. "ఇప్పుడు నేను చూస్తున్నానా, నాతో చూపిస్తున్నారా?" అని తనే అడగడం మొదలుపెడుతుంది. తిట్టు కన్నా ఆ ప్రశ్న ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

• *పక్కన కూర్చుని చూడండి.* చూసేది ఏదైనా సరే, ఒకటి ఎంచుకుని, కలిసి చూసి, అయిపోయాక ఆపి, దాని గురించి మాట్లాడండి. చివర లేనిదానికి మనమే ఒక చివర పెట్టాలి.

ఇది మా వీడియోలకీ వర్తిస్తుంది. ఒకటి చూశాక తర్వాతిది దానంతటదే మొదలైతే ఆపేయండి. విన్నది మనసులో ఇంకడానికి కాస్త నిశ్శబ్దం కావాలి.

ఈ వారం సాధన: ఇంట్లో అందరూ కలిసి ఒక్క పద్యం ఎంచుకోండి. ఏడు రోజులు, రోజుకి పది నిమిషాలు. ఆదివారం అందరూ అప్పజెప్పాలి. ముందు పెద్దవాళ్లు, తర్వాత పిల్లలు. మీకే ఎక్కడైనా తడబాటు వస్తే పిల్లల్ని అందించమనండి. వాళ్లు సంతోషంగా అందిస్తారు.

శుభం.